అష్టమినాటి మేత

శర్బరి గుహ పొద్దున్నే పళ్లయినా తోముకోకముందు ఒక పని చేస్తుంది. ఫోను తీసి, తన పేరు మీదున్న పేజీ తెరిచి, రాత్రికి రాత్రి ఎన్ని పెరిగాయో చూసుకుంటుంది. లేవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, కొందరు అరచేతులు చూసుకుంటారు. కేన్సరు మీద పరిశోధన చేసేవాళ్లు ఇది చూసుకుంటారు. లోకంలో ఎక్కడ ఎవరు తమ పేపరులో ఆమె పేపరును ఉదహరించినా అక్కడి అంకె ఒకటి పెరుగుతుంది. ఆ అంకెను బట్టే ప్రమోషను, ఆ అంకెను బట్టే గ్రాంటు, సభల్లో ముందు వరస కుర్చీ కూడా ఆ అంకెను బట్టే. యాభై నాలుగేళ్ల శర్బరికి నలభై మూడు పేపర్లున్నాయి. వాటన్నిటినీ కలిపి ఉదహరించినవి నాలుగు వేల చిల్లర. అందులో ఒక్క పేపరు వాటాయే పదమూడు వందల పన్నెండు. మిగతావన్నీ దాని కొంగు పట్టుకుని నడిచొచ్చినవే.

ఆ పేపరుకు ప్రాణం పోసిన మనిషి పేరు ఆశాలతా జానా. మేదినీపూర్ వైపు తమలపాకు తోట ఉన్న ఇంటి ఇల్లాలు. బుగ్గకు కేన్సరు వచ్చి, పందొమ్మిదేళ్ల కిందట శ్రావణంలో కలకత్తాలో ఆపరేషను చేయించుకుంది, భాద్రపదంలో పోయింది. డాక్టర్లు కోసి తీసిన గడ్డలోంచి గోరంత ముక్క శర్బరి చేతికొచ్చింది. దానిలోని కణాలను ఆమె సీసాలో పెంచింది. అలాంటి కణాలు సీసాలో నాలుగు వారాలు బతికితే గొప్ప. ఇవి పందొమ్మిదేళ్లు బతికాయి. మన మనుషుల నోటి కేన్సరు మన ప్రయోగశాలలోనే దొరికిందని అందరూ సంబరపడ్డారు. మనిషి పేరులోని అక్షరాలతో వాటికి ‘ఆజా-ఒకటి’ అని పేరు పెట్టి, అడిగినవాళ్లకల్లా పంపింది శర్బరి. ఇరవై ఏడు ప్రయోగశాలలకు చేరాయి. ఒక కొత్త మందు ఆ కణాలను ఊడ్చిపెట్టినట్టు చంపుతుందని చూపించింది. అదే ఆ పేపరు.

ఏటా పుష్యమాసంలో ఆశాలత భర్త నివారణ్ జానా వస్తాడు. ఇప్పుడాయనకు డెబ్భై ఎనిమిది. చేతిలో ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో గసగసాలు పరిచిన పళ్లెంలో పోసి ఎండబెట్టిన నగల వడియాలు: గాజుల్లా, జుమికీల్లా, నెమలి మెడలా చెయ్యి తిప్పి పోసినవి. ఆ తిప్పడం ఆశాలతదేననీ, కూతురు పారుల్ తల్లి దగ్గర నేర్చుకుందనీ ప్రతి ఏడూ చెబుతాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికొచ్చి, సూక్ష్మదర్శినిలోకి ఒంటి కన్నుతో చూస్తాడు. “బాగా తింటోందా తల్లీ?” అని అడుగుతాడు. తింటోందంటుంది శర్బరి. సీసాలో పోసే గులాబిరంగు మేతనీరు కణాలు తినేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు చూసి ఆయన సీసాకు దణ్ణం పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతాడు.

ఇదంతా సాఫీగా నడిచిపోయేదే, కొత్త పేపరొకటి పంపినప్పుడు పత్రికవాళ్లు ఒక ముక్క అడక్కపోయి ఉంటే. కణాలు ఎవరివని చెబుతున్నారో వాళ్లవేనని వేలిముద్ర లాంటి పరీక్ష ఒకటి చేయించి పంపమన్నారు. ఈమధ్య అందర్నీ అడుగుతున్నారు. శర్బరి విసుక్కుంటూనే పంపింది. పదోరోజున కాగితం వచ్చింది. అవి ఆశాలతవి కావు. బుగ్గవి కూడా కావు. డెబ్భై ఏళ్ల కిందట అమెరికాలో గర్భాశయ ముఖద్వార కేన్సరుతో పోయిన ఒక నల్లజాతి స్త్రీవి. హీలా అంటారు వాటిని, ప్రపంచంలో ప్రతి ప్రయోగశాలలోనూ ఉంటాయి. గడ్డిలా పెరుగుతాయి. ఇంకో సీసాలో ఒక్క కణం పడితే చాలు, అక్కడున్నవాటిని తొక్కేసి తామే అవుతాయి.

శర్బరికి మొదట కోపమొచ్చింది. పరీక్ష చేసినవాళ్లదే తప్పనుకుంది. గడ్డకట్టించి దాచిన పాత సీసాలన్నిటినీ ఏళ్లవారీగా తీసి, పదకొండు నమూనాలు ఇంకో చోటికి పంపింది. పదకొండూ హీలాయే అని వచ్చింది. వాటిలో అన్నిటికన్నా పాతది ఆపరేషను జరిగిన ఏటి కార్తీకంలో దాచింది. అంతకుముందుది లేదు. కార్తీకానికి ముందు ఆ కణాలు దాచేటన్ని లేవు కదా, చావుబతుకుల్లో ఉండేవి.

అప్పుడు బీరువాలోంచి పాత నోటుపుస్తకం తీసింది.

దుర్గాపూజకు అయిదు రోజులూ కలకత్తాలో చీమ కూడా పనిచెయ్యదు. కానీ కణాలకు సెలవు తెలియదు, రెండు రోజులకోసారి మేత మార్చాల్సిందే. అందుకని ప్రయోగశాలలో చీట్లు వేస్తారు. ఏ రోజు చీటీ ఎవరికొస్తే వాళ్లు ఆ రోజు అందరి సీసాలకూ మేత పోసి పోవాలి. పూజ డ్యూటీ అంటారు. ఆ ఏడు అష్టమి శర్బరికొచ్చింది. అష్టమినాడు చీటీ రావడమంటే అందరూ అయ్యో అనేదే. పదకొండున్నరకు పేట పందిట్లో అమ్మవారికి ఆఖరి పుష్పాంజలి, ఉపవాసంతో వెళ్లి అందుకోవాలి. పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, కొత్త ఎర్రంచు చీర మీద తెల్లకోటు తొడుక్కుని పదింటికి వచ్చింది. ఈ పనికో నియమముంది. ఏ కణాలకు వాటి సొంత మేతసీసా, ముందు నీరసంగా ఉన్నవాటికి, ఆఖర్న జోరుగా పెరిగేవాటికి. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పుతారు. కానీ పదిన్నరకు కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోతుందేమోనని భయం. ముందు వరసలో ఉన్నవి అప్పట్లో ఆ ప్రయోగశాలకు పెద్దగా ఉన్న ప్రొఫెసరుగారి హీలా సీసాలు. వాటితో మొదలుపెట్టింది. అన్నిటికీ అదే మేతసీసా, అదే గొట్టం. వరసాఖర్న ఆశాలత.

నోటుపుస్తకంలో ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంది. ‘అష్టమి. 11.05కి అన్నీ అయ్యాయి. ఒకే సీసా మేత సరిపోయింది.’ అది సంజాయిషీ కాదు. పొదుపు చేశానని గొప్పగా రాసుకున్నది.

పూజలయ్యాక లక్ష్మీపూజ కూడా దాటి అందరూ పనిలోకొచ్చి చూస్తే, ఆశాలత సీసా పసుపుపచ్చగా ఉంది. చావబోయే కణాలు లేచి కూర్చున్నాయని గోల. ఇప్పటికి ముప్పయ్యేళ్లుగా అక్కడే సీసాలు కడిగి, మరిగించి, దాచే హరాధన్ దా, అందరూ అన్నా అని పిలిచే మనిషి, ఆ రోజు చేతులెత్తి మొక్కి, అంతా అమ్మ దయ అన్నాడు. శర్బరి అందరికీ సందేశ్ మిఠాయి పంచింది. అమ్మ దయ అంటే ఏమిటో తెలియడానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

ఇంకొకటి కూడా ఆ నోటుపుస్తకం ముందు కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది. నిజానికి మరిచిపోయిందెప్పుడు? ఆ పేపరు పట్టుకుని ఇంకో ఊళ్లో ఒక ఆసుపత్రివాళ్లు ఆ మందును బుగ్గ కేన్సరున్న యాభై ఎనిమిది మందికి వాడుక మందుకు బదులుగా ఇచ్చి చూశారు. సీసాలో ఊడ్చిపెట్టిన మందు మనుషుల్లో ఏమీ ఊడ్చలేదు. ఏడాది తిరక్కుండా నలభై ఏడుగురు పోయారు. ఆ వైనం కూడా పేపరైంది, రచయితల్లో నాలుగో పేరు శర్బరిది. ‘మనిషి దేహం సీసా కన్నా సంక్లిష్టమైనది’ అని చివర ఒక వాక్యం ఉంటుంది. అది శర్బరి రాసిందే. ఆ వాక్యాన్ని మెచ్చుకుని ఉదహరించినవాళ్లు కూడా ఉన్నారు.

దేహం సంక్లిష్టం కాదు, పాపం. గర్భాశయం కణాలకు పనిచేసిన మందును బుగ్గలకిచ్చారు, అంతే.

రెండు వారాలు ఆమె ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగింది. రోజూ పొద్దున అంకె చూడడం మాత్రం మానలేదు, అది ఆ రెండు వారాల్లో ఎనిమిది పెరిగింది. పెరిగినప్పుడల్లా ఇదివరకటిలాగే లోపలెక్కడో చిన్న సంతోషం కలిగేది. ఆ సంతోషాన్ని చూసుకుని ఆమెకు తన మీదే రోత పుట్టింది. మూడో వారం డైరెక్టరు త్రిదిబ్ లాహిరి గదికి వెళ్లి, నోటుపుస్తకం ఆయన ముందు పెట్టి, పేపరు వెనక్కి తీసుకుంటానంది.

త్రిదిబ్ ఆమెతో పాటు చదువుకున్నవాడే. చెడ్డవాడేం కాదు. ఆమె పేరును ఈ ఏడు జాతీయ పురస్కారానికి పంపింది ఆయనే. కాగితాలు రెండుసార్లు చదివి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. ఒక చిన్న సవరణ వేస్తే సరిపోతుందన్నాడు. ప్రపంచంలో ఇలా వేరేవి కలిసిపోయిన కణాలు వందల రకాలున్నాయని, ఎవరూ బట్టలు చింపుకోలేదని అన్నాడు. ఆమె కింద పీహెచ్‌డీ చేసినవాళ్లు తొమ్మండుగురు ఇప్పుడు ఎక్కడెక్కడో ప్రొఫెసర్లు, వాళ్ల గతేమిటని అడిగాడు. శర్బరి ఆ యాభై ఎనిమిది మంది మాట ఎత్తింది.

“పోయినవాళ్లు పోయారు శర్బరీ. పేపరొక్కటే బతికుంది. దాన్ని కూడా చంపితే నీకేమొస్తుంది చెప్పు?” అన్నాడాయన.

“నాకేం రాదు. నా దగ్గరున్నదే పోతుంది.”

“మరి కొరివితో తల గోక్కోవడమెందుకు?”

“గోక్కోవడం పందొమ్మిదేళ్ల కిందటే అయిపోయింది త్రిదిబ్. మంట ఇప్పుడు తెలుస్తోంది.”

ఆయన నోటుపుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు. తర్వాత, పురస్కారం కాగితాలు తను వెనక్కి తెప్పిస్తానని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పత్రికకు ఉత్తరం రాసింది. తొమ్మిది వాక్యాలు. తప్పు ఎవరిదన్న చోట హరాధన్ దా తన పేరు రాయమన్నాడు. తను రేపోమాపో రిటైరయ్యేవాడినని, సీసాలు కలిపేశాడంటే నమ్ముతారని, పైగా ఆ రోజు దీదీకి ఉపవాసం కదా అని గొణిగాడు. శర్బరి ఆయన్ని కసిరి పంపేసి తన పేరే రాసింది. ఇరవై ఏడు ప్రయోగశాలలకూ వేరే ఉత్తరాలు రాసింది, మా కణాలు వాడకండి, పారెయ్యండి అని. నలుగురు జవాబిచ్చారు. అందులో ఒకాయన, తన దగ్గర ఆజా-ఒకటి చక్కగా పెరుగుతోందని, తమకు ఏ ఇబ్బందీ లేదని, ఆమె నిజాయితీకి జోహార్లని రాశాడు.

పత్రికవాళ్లు నాలుగు నెలలు ఆలోచించి, పేపరు మీద అడ్డంగా ఎర్రటి అక్షరాలతో ‘వెనక్కి తీసుకోబడినది’ అని ముద్ర వేశారు. దాని వెనకాలే ఇంకో పందొమ్మిది పేపర్లు నేలకూలాయి. పాత శిష్యుల్లో ఒకడు ఫోను చేసి, మీరు స్వర్గానికి పోవడానికి మమ్మల్ని మెట్లు చేసుకున్నారు దీదీ అన్నాడు. తక్కినవాళ్లు ఫోను కూడా చెయ్యలేదు. ఆమె గదిని ఇంకొకరికిచ్చి, మెట్ల కింది గది చూపించారు. కాంటీనులో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికొచ్చిన కుర్రవాళ్లు ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో బల్లకు పోయేవాళ్లు. చచ్చినా ఇంత ఒంటరితనం ఉండదనుకుంది శర్బరి.

అంతలో పుష్యమాసమొచ్చింది.

నివారణ్ జానా రేకు డబ్బాతో పాత గదికి వెళ్లి, అక్కడివాళ్లు చెబితే మెట్ల కిందికొచ్చాడు. ఈసారి పారుల్ కూడా వచ్చింది, తండ్రికి కళ్లు ఆనడం లేదని. శర్బరి ఇద్దర్నీ కూర్చోబెట్టి టీ తెప్పించింది. ఏ పేపరులోనూ లేనంత తేలిక మాటల్లో చెప్పాలని నాలుగు రాత్రులు సాధన చేసింది గానీ, నోరు తెరిచేసరికి మిగిలింది ఒక్క వాక్యమే. సీసాలో ఉన్నది మీ ఆవిడ కాదు కాకాబాబూ, అంది. తర్వాత అష్టమి సంగతి, మేత సంగతి, తన తొందర సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“మరి మా ఆవిడ ఎక్కడుంది తల్లీ?”

“లేదు కాకాబాబూ. ఆ పూజలప్పుడే పోయింది. నా చేతిలోనే పోయింది.”

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. వేళ్లు మడిచి ఏవో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. పారుల్ మెల్లగా చెప్పింది. తల్లికి పదకొండోరోజు కర్మ జరిగింది గానీ, ఆ తర్వాత తండ్రి ఏటేటా ఏమీ పెట్టలేదు. గయకు పోయి పిండం పెట్టి రమ్మని ఊరి బ్రాహ్మడు మొత్తుకున్నా వినలేదు. మనిషి కలకత్తాలో ఇంకా తింటూ తాగుతూ ఉంటే పిండమేంటయ్యా, పెడితే పాపం కాదా అని కొట్టిపారేసేవాడు. ఊళ్లోవాళ్లు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, చివరికి వదిలేశారు.

“పందొమ్మిదేళ్లు,” అన్నాడు నివారణ్, లెక్క తేలినట్టు. “పందొమ్మిదేళ్లు ఆకలితో ఉంచాను దాన్ని.”

శర్బరి ఆయన పాదాల మీద చెయ్యి వేసింది. ఏడ్చింది కూడా. పెద్దాయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు గానీ, ఆ చేతిలో ఆశీర్వాదం లేదు, అలవాటు మాత్రమే ఉంది. వెళ్లేటప్పుడు వడియాల డబ్బా బల్ల మీదే వదిలి వెళ్లారు. శర్బరి వాటిని వేయించుకోలేదు, పారెయ్యనూ లేదు. హరాధన్ దా, ఆమె కలిసి ఆ మధ్యాహ్నం మిగిలిన ఆజా సీసాలన్నిటిలో బ్లీచింగు నీళ్లు పోశారు. పసుపు రంగు తెల్లబడడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వేసవి పోయింది, వానలు పోయాయి. శర్బరి పొద్దున పేజీ చూడడం మానలేకపోయింది. అలవాటు అంత తేలిగ్గా చస్తుందా? చచ్చిన పేపరు మాత్రం చావలేదు. ఎర్ర ముద్ర పడ్డాక కూడా దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. ముద్ర చూసేవాడేడీ? ఒకరి పేపరు చివరున్న జాబితాలోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటారు, చదివేవాళ్లు తక్కువ. పదమూడు వందల పన్నెండు కాస్తా పదమూడు వందల డెబ్భై ఆరయ్యింది. ఒక కుర్ర బృందం ఆ మందునే ఇంకో దేశంలో రోగుల మీద వాడబోతున్నామని రాసింది. శర్బరి వాళ్లకు మూడు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఆమె మాటకు ఇప్పుడు విలువ లేదు, ఆమె అబద్ధానికి ఉంది.

మహాలయ పక్షం వచ్చింది. ప్రయోగశాలలో మళ్లీ పూజ డ్యూటీ చీట్లు వేస్తున్నారు. శర్బరి పేరు చీట్లలో వెయ్యలేదు, ఆమె అడగలేదు. మెట్ల కింది గదిలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. నివారణ్ జానా. వెనకాల మంత్రాలు, జనం గోల. గయ వచ్చానని చెప్పాడు. కళ్లు కనపడకపోయినా పారుల్ చెయ్యి పట్టుకుని వచ్చాడట. ఆశాలతకు పిండం పెట్టేశాడట.

“దాని పని అయింది తల్లీ. ఇంకో సంగతి అడుగుదామని చేశాను. అన్నేళ్లూ నేను దణ్ణం పెట్టినావిడ ఇంకెవరో అన్నావు కదా. ఆవిడకెవరైనా ఉన్నారా? పేరు చెప్పు. ఇక్కడ ఎవరికైనా పెట్టొచ్చంట, పిండం పెట్టించే పండా చెప్పాడు.”

శర్బరి ఆ అమెరికా స్త్రీ పేరు చెప్పింది. ఆయనకు నోరు తిరగలేదు. రెండోసారి విడివిడిగా చెప్పింది. ఆయన దాన్ని తమ ఊరి ఆడవాళ్ల పేరులా మార్చి పండాకు చెప్పాడు. పండా గోత్రం అడిగాడు. తెలియకపోతే కాశ్యపమని చెప్పమని తనే అన్నాడు. ఫోనులో నీళ్లు వదిలిన చప్పుడు వినిపించింది.

“అయింది,” అన్నాడు నివారణ్. “ఇంకెవరైనా ఉన్నారా తల్లీ, నీ తరఫున? పిండి ముద్ద కాస్త మిగిలింది. ఈయన తొందరపెడుతున్నాడు.”

శర్బరి ముందు ఆ రెండో పేపరు తెరిచే ఉంది, తన పేరు నాలుగోదిగా ఉన్నది. చివరి పేజీలో పట్టిక. యాభై ఎనిమిది గళ్లు. వయసుంది, ఆడో మగో ఉంది, మందు మొదలుపెట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది. మూడో నంబరు. పందొమ్మిదో నంబరు. నలభై నాలుగో నంబరు. వేలు పెట్టి గడి తర్వాత గడి వెతికింది. ఒక్క పేరు లేదు. పేపర్లలో పేర్లు రాయకూడదు, అది నియమం. ఆమె ఆ నియమం ఎన్నడూ తప్పలేదు.

“చెప్పు తల్లీ, ఉన్నారా?”

“ఎవరూ లేరు కాకాబాబూ,” అంది శర్బరి.